తుది ఖలీఫా అబ్దుల్ మజీదు చరిత్రము

రాజ్యములను గెలిచిన వారి చరిత్రములను మన విద్యార్థులు తరగతిలో విరివిగా చదువుదురు. పదవిని, దేశమును, ఇల్లును ఒక్క రాత్రిలో కోల్పోయిన వాని చరిత్రము వారికంతగా లభింపదు. అట్టి వారిలో నొకడు టర్కీ రాజవంశమున జనించిన రెండవ అబ్దుల్ మజీదు. ఖలీఫా యను బిరుదమును వహించిన ఉస్మానీ వంశీయులలో నీయన చివరివాడు. ఈయన కుమార్తె మన హైదరాబాదునకు కోడలై వచ్చెను. ఈయన పరదేశమున నున్నప్పుడు ఈయన యింట దీపము వెలుగుటకు మన తెలుగు రైతు చెల్లించిన శిస్తు కొంత తోడ్పడెను.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల నుండి నేడు వేలకొలది జనులు దుబాయి, కువైటు, సౌదీ మొదలగు అరబ్బు దేశములకు బ్రతుకుతెరువునకై పోవుచున్నారు. మన తెలంగాణమువారు కొందరు ఇశ్రాయేలు దేశమున వృద్ధులకు పరిచర్య చేయుచున్నారు. ఆ దేశములు ఎట్లు పుట్టెను, వాని నడుమ వైరమేల కలిగెను అను ప్రశ్నలు కావున మన యింటి ప్రశ్నలే. అబ్దుల్ మజీదు జీవితము వెంట నడచినచో వానికి కొంత సమాధానము దొరకును. అందుచే నీ సంచికలో నాయన చరిత్రమును సంగ్రహముగా వ్రాయబూనితిమి.

జననము, బాల్యము

అబ్దుల్ మజీదు 1868 సంవత్సరము మే నెలలో ఇస్తాంబులు నగరమున జన్మించెను. తండ్రి సుల్తాను అబ్దుల్ అజీజు. ఆనాటి ఉస్మానీ సామ్రాజ్యము ఐరోపా ఖండములో కొంత భాగమును, ఆసియా మైనరును, సిరియా, పాలస్తీనా, ఇరాకు ప్రాంతములను, మక్కా మదీనా పుణ్యక్షేత్రములను తన యధీనమున నుంచుకొనియుండెను. 1516, 1517 సంవత్సరములలో సెలీము సుల్తాను సిరియాను, ఈజిప్టును జయించిన నాటి నుండి యెరూషలేము, మక్కా, మదీనాలు ఆ వంశపు రక్షణలో నుండెను. మహమ్మదు ప్రవక్త తరువాత ముస్లిము సమాజమునకు నాయకుడగు వానికి ఖలీఫా యని పేరు. ఆ బిరుదమును ఉస్మానీ సుల్తానులే వహించిరి.

బాలునికి ఎనిమిదేండ్ల ప్రాయమున, అనగా 1876లో, తండ్రి సింహాసనము నుండి తొలగింపబడి కొలది దినములలోనే మరణించెను. కొన్ని నెలలకు పెత్తండ్రి కుమారుడగు రెండవ అబ్దుల్ హమీదు రాజయ్యెను. ఆయన మిక్కిలి అనుమానపరుడు. రాజకుమారులు స్వేచ్ఛగా బయట తిరుగుట కాని, అధికారములో పాలుపంచుకొనుట కాని ఆయనకు గిట్టదు. ముప్పది రెండు సంవత్సరములకు పైగా సాగిన ఆ పాలనలో అబ్దుల్ మజీదు తన గృహమునకే పరిమితుడై యుండెను.

ఆ నిర్బంధమును ఆయన వ్యర్థపుచ్చలేదు. అరబీ, పారసీ, ఫ్రెంచి, జర్మను భాషలు నేర్చెను. సంగీతము నభ్యసించి వాద్యములు వాయించుటయే గాక స్వయముగా స్వరరచన చేసెను. అన్నిటికంటె మిన్నగా చిత్రలేఖనమున గొప్ప నేర్పు సంపాదించెను. 1909లో ఏర్పడిన ఉస్మానీ చిత్రకారుల సంఘమునకు ఆయన పోషకుడు. అంతఃపుర స్త్రీలు బేతోవెను సంగీతమును వాయించుచుండగా తాను వినుచున్నట్లు ఆయన వ్రాసిన చిత్రము నేటికిని ప్రసిద్ధము. తూర్పు, పడమరల విద్యలు ఒక్క మనుష్యునిలో కలహింపక యుండవచ్చునని ఆ పటము చూచిన వారికి తోచును.

రెండు జాతీయోద్యమములు

రాజకుమారుడు తన గదిలో చిత్రములు వ్రాయుచున్న ఆ దినములలోనే సామ్రాజ్యములో రెండు క్రొత్త భావములు మొలకెత్తుచుండెను.

మొదటిది యూదులది. రుష్యా దేశమున 1881 మొదలుకొని యూదుల యిండ్లపై దాడులు జరిగెను. వేలకొలది జనులు ప్రాణభీతితో ఇతర దేశములకు పోయిరి. వారిలో కొందరు పూర్వుల దేశమగు పాలస్తీనాకు చేరి పొలములు కొని సేద్యము నారంభించిరి. వియన్నా నగరమున పత్రికారచయితగా నుండిన థియోడోర్ హెర్జెల్ అను నాతడు యూదులకు స్వంత రాజ్యము కావలెనని 1896లో నొక గ్రంథము ప్రకటించెను. మరుసటి సంవత్సరము స్విట్జర్లాండు దేశపు బాసెలు నగరమున యూదుల మహాసభ కూడెను. 1901లో హెర్జెల్ ఇస్తాంబులునకు వచ్చి సుల్తాను అబ్దుల్ హమీదును దర్శించి, సామ్రాజ్యపు ఋణభారమును తగ్గించుటకు సహాయము చేయుదుమనియు, పాలస్తీనాలో యూదులు నివసించుటకు అనుమతి కావలెననియు సంప్రదింపులు జరిపెను. సుల్తాను సమ్మతింపలేదు.

రెండవది అరబ్బులది. సిరియా, లెబనోను పట్టణములలో అచ్చుయంత్రములు, పాఠశాలలు వెలసిన పిమ్మట అరబీ భాషాభిమానము పెంపొందెను. 1908లో యువతుర్కులను వారు అధికారములోనికి వచ్చి తుర్కీ భాషకును, తుర్కీ జాతికిని ప్రాధాన్యమిచ్చుటతో అరబ్బు విద్యావంతులు మనసు నొచ్చుకొనిరి. 1913లో పారిసు నగరమున అరబ్బుల సభ జరిగెను. వారు మొదట స్వరాజ్యము కోరలేదు. తమ భాషకు గౌరవము, తమ జిల్లాల పాలనలో తమకు పాలు కోరిరి. ఆ చిన్న కోరిక తీరియున్నచో తరువాతి చరిత్ర వేరుగ నుండెడిదేమో.

సామ్రాజ్యమున యూదులు, క్రైస్తవులు, ముస్లిములు తమ తమ మతాధికారుల క్రింద బహుకాలము కలిసి జీవించిరి. సమానత్వము సంపూర్ణముగ నుండెనని మేము చెప్పజాలము. అయినను ఒకే వీధిలో మూడు మతములవారు వ్యాపారము చేసికొని బ్రతికిరి. జాతి యనునది రాజ్యమునకు పునాది కావలెనను క్రొత్త భావము వచ్చిన పిమ్మట, ఒకే నేలను ఇద్దరు తమదనుకొన్నచో నేమి చేయవలెనను ప్రశ్న పుట్టెను. ఆ ప్రశ్నకు నేటివరకును సమాధానము కుదరలేదు.

మహాయుద్ధము, హైదరాబాదు రౌతులు

1914లో ఐరోపా మహాయుద్ధము మొదలయ్యెను. టర్కీ జర్మనీ పక్షమున చేరెను. ఖలీఫా పేరిట పవిత్ర యుద్ధము ప్రకటింపబడెను. ఇండియాలోని ముస్లిములు ఎటు మొగ్గుదురో యని ఆంగ్లేయులు కలవరపడిరి. అప్పుడు మన నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను ఆంగ్లేయుల పక్షమే వహించి, తన ప్రజలు కూడ వారికి విధేయులై యుండవలెనని ప్రకటించెను. యుద్ధమునకు ధనసహాయము చేసెను. తన సైన్యములోని అశ్వికులను పంపెను.

హైదరాబాదు లాన్సర్లు సూయజు కాలువ కాపుదలలో నుండి, పిమ్మట జోధపూరు, మైసూరు లాన్సర్లతో నొకే బ్రిగేడులో చేరి 1918లో పాలస్తీనా యుద్ధములో పాల్గొనిరి. ఆ బ్రిగేడే ఆ సంవత్సరము సెప్టెంబరు నెలలో హైఫా పట్టణమును పట్టుకొనెను. ఢిల్లీ నగరమున తీన్ మూర్తి స్మారకములో గల మూడు విగ్రహములలో హైదరాబాదు రౌతునకును చోటు గలదు. మన నిజాము సైనికులు పాలస్తీనాలో ఖలీఫా సైన్యముతో పోరాడిరి. ఆరేండ్లు గడువకమునుపే అదే నిజాము ఖలీఫాకు అన్నదాత యయ్యెను. చరిత్రములో నిట్టి మలుపులు తరచుగా కనుపించును.

యుద్ధకాలమున ఆంగ్లేయులు ఒకే నేలను గూర్చి పలువురకు పలు విధముల మాట యిచ్చిరి. మక్కా షరీఫు హుస్సేనునకు అరబ్బుల స్వాతంత్ర్యమును గూర్చి 1915, 1916 సంవత్సరములలో ఉత్తరములు వ్రాసిరి. ఆ నమ్మికతో ఆయన 1916 జూను నెలలో తుర్కులపై తిరుగుబాటు చేసెను. అదే సంవత్సరము ఆంగ్లేయులు, ఫ్రెంచివారు రహస్యముగా సిరియా, ఇరాకు దేశములను తమలో పంచుకొనిరి. 1917 నవంబరు 2వ తేదీన ఆంగ్ల మంత్రి బాల్ఫోరు యూదులకు పాలస్తీనాలో జాతీయ నివాసము కల్పించుటకు తోడ్పడుదుమని ప్రకటించెను. ఆ డిసెంబరులోనే యెరూషలేము ఆంగ్లేయుల వశమయ్యెను. షరీఫు కుమారుడు ఫైజలు, యూద నాయకుడు వైజ్‌మన్ 1919 జనవరిలో స్నేహపూర్వకముగా నొక ఒడంబడిక చేసికొనిరి గాని, అరబ్బులకు స్వాతంత్ర్యము లభించినచో మాత్రమే అది చెల్లునని ఫైజలు నియమము పెట్టెను. స్వాతంత్ర్యము రాలేదు, ఒడంబడికయు నిలువలేదు. 1920లో ఫ్రెంచి సైన్యము ఫైజలును డమాస్కసు నుండి వెడలగొట్టెను.

ఖలీఫా పదవి

1918లో ఆరవ మహమ్మదు సుల్తానైనప్పుడు అబ్దుల్ మజీదు యువరాజయ్యెను. అప్పటికాయనకు ఏబదియేండ్లు. యుద్ధమున నోడిన టర్కీని విజేతలు ముక్కలు చేయజూచిరి. అనటోలియాలో ముస్తఫా కెమాలు సైన్యమును కూర్చి దేశరక్షణకు పూనుకొనెను. ఆయన పక్షమువారు యువరాజును తమ యొద్దకు రమ్మనిరి. అబ్దుల్ మజీదు మనస్సున వారి యెడల సానుభూతి యుండెను గాని, ఆయన తటపటాయించి పోలేదు. కుమారుడు ఉమర్ ఫారూఖు 1921లో సముద్రమార్గమున అనటోలియా తీరము చేరగా, కెమాలు ఆయనను వెనుకకు పంపెను. సమయము వచ్చినప్పుడు పోని తండ్రికి, పోయినప్పుడు సమయము మించిన కుమారునికి ఫలమొక్కటే యయ్యెను.

మన దేశమున ఈ కాలముననే ఖిలాఫత్ ఉద్యమము చెలరేగెను. మహమ్మదలీ, షౌకతలీ సోదరులు దానికి నాయకులు. గాంధీగారు దానిని సహాయనిరాకరణోద్యమముతో జతపరచిరి. ఇస్తాంబులు రాజభవనమున కూర్చున్న ఖలీఫా కొరకు ఇండియాలో హిందువులును ముస్లిములును కలిసి చెరసాలలకు పోయిరి.

1922 నవంబరు 1వ తేదీన అంకారా శాసనసభ సుల్తాను పదవిని రద్దుచేసెను. ఆరవ మహమ్మదు ఆంగ్లేయుల యుద్ధనౌక నెక్కి దేశము విడిచెను. సభవారు అబ్దుల్ మజీదును ఖలీఫాగా ఎన్నుకొనిరి. రాజ్యాధికారము లేని ఖలీఫా ఆ వంశమున నీయనయే మొదటివాడు, చివరివాడు. ఆయన శుక్రవారపు నమాజునకు వైభవముగా పోవుచుండెను. పరదేశ ముస్లిములు దర్శనమునకు వచ్చుచుండిరి. రిపబ్లికు నాయకులకు ఇది కంటగింపయ్యెను. 1923 చివర ఇండియా ముస్లిము ప్రముఖులగు ఆగాఖాను, అమీరలీ గారలు ఖలీఫా గౌరవమును కాపాడవలెనని వ్రాసిన లేఖ, ప్రభుత్వమునకు చేరకమునుపే ఇస్తాంబులు పత్రికలలో ప్రకటింపబడెను. మేలు చేయబోయిన ఆ లేఖయే పరదేశీయుల జోక్యమని నిందింపబడి కీడు చేసెను. భత్యము పెంచుమని ఖలీఫా కోరగా కెమాలు నిరాకరించెను.

చతల్జా స్టేషను

1924 మార్చి 3వ తేదీన శాసనసభ ఖలీఫా పదవిని రద్దుచేసి, ఉస్మానీ వంశమునంతయు దేశము నుండి వెడలగొట్టుచు చట్టము చేసెను. నాటి రాత్రియే అధికారులు దోల్మాబాగ్చె భవనమును చుట్టుముట్టి ఆజ్ఞను వినిపించిరి. తెల్లవారకముందే ఖలీఫాను, ఆయన భార్యలను, కుమారుని, పదేండ్ల కుమార్తె దుర్రుషెహ్వారును మోటారులలో ఎక్కించిరి. నగరములోని పెద్ద స్టేషనులో జనులు గుమిగూడుదురను భయముచే వారిని దూరమున గల చతల్జా అను చిన్న స్టేషనునకు కొనిపోయిరి. అక్కడ రైలు వచ్చువరకు దినమంతయు వేచియుండవలసి వచ్చెను.

ఆ స్టేషను అధికారి యొక యూదుడు. ఆయన తన యింటివారితో కలిసి ఆ యతిథులకు గది చూపి, విశ్రాంతికి ఏర్పాట్లు చేసి, ఆదరముగా టీ యిచ్చెనని ఖలీఫా పరివారమువారు తరువాత చెప్పిరి. ఖలీఫా కృతజ్ఞత తెలుపగా, ఆయన దానిని స్వీకరింపక, స్పెయిను దేశము తన పూర్వులను తరిమివేసినప్పుడు వారికి నీడనిచ్చినది ఉస్మానీ వంశమే యనియు, ఆ ఋణములో కొంచెము తీర్చుకొనుట తన ధర్మమనియు విన్నవించెనట. ఆ మాటకు అచ్చటివారందరు కన్నీరు పెట్టిరట. స్పెయిను యూదులను వెడలగొట్టినది 1492లో. నాలుగు వందల ముప్పది రెండు సంవత్సరముల పిమ్మట నొక చిన్న యుద్యోగి ఆ మేలును జ్ఞాపకముంచుకొనెను. రాజ్యములు మరచిన దానిని సామాన్యుడు మరువలేదు. యూదులును ముస్లిములును పుట్టుక చేతనే శత్రువులని తలచువారు ఈ సంగతిని చిత్తమున నుంచుకొనవలెను. వారి వైరమునకు కారణము మతములో గాక, ఒక నేలను గూర్చి ఇరువదవ శతాబ్దమున జరిగిన వ్యవహారములలో వెదుకవలసియున్నది.

నీసు నగరము, హైదరాబాదు

అబ్దుల్ మజీదు కుటుంబముతో మొదట స్విట్జర్లాండు చేరెను. ఆ సంవత్సరము శరత్కాలమున ఫ్రాన్సు దేశపు నీసు నగరమున స్థిరపడెను. చేతిలో ధనము లేదు. ఆ వార్త తెలిసి నిజాము ఆయనకు నెలకు 300 పౌనుల భరణము ఏర్పాటు చేసెను.

ఈ ధనము ఎక్కడిదని మన విద్యార్థులు విచారింపవలెను. నిజాము ఖజానాకు గాని, ఆయన స్వంత భూములగు సర్ఫేఖాసుకు గాని ముఖ్యమైన రాబడి భూమిశిస్తే. జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలతో కూడిన కరీంనగరు జిల్లా ఆ రాజ్యములోనిదే. చెరువు క్రింద వరి పండించిన రైతు పటేలు పట్వారీల ముందు హాలీ రూపాయలు లెక్కించి యిచ్చెను. వాని పుల్లలకప్పు ఇంటిలో దీపమునకు నూనె యుండెనో లేదో ఎవరును వ్రాసియుంచలేదు. వాని కష్టార్జితములో నొక కణము సముద్రము దాటి, ఖలీఫా చిత్రములకు వలయు రంగులయ్యెను. దానము చేసిన వాని పేరు చరిత్రలో నిలిచెను. దానమునకు మూలమైన వాని పేరు నిలువలేదు. ఈ చరిత్రమున మాకు మిక్కిలి యోచింపవలసినదిగా తోచిన సంగతి యిది.

1931 నవంబరు 12వ తేదీన నీసు నగరమున దుర్రుషెహ్వారునకు నిజాము పెద్ద కుమారుడు ఆజంజాతో వివాహమయ్యెను. అదే సమయమున ఆ రాజవంశమునకే చెందిన నీలోఫరు రెండవ కుమారుడు మొఅజ్జంజాను వివాహమాడెను. ఈ సంబంధములకు షౌకతలీ ప్రయత్నము తోడయ్యెను. ఖలీఫా పదవి ఈ మార్గమున ఆసఫ్‌జాహీ వంశమునకు సంక్రమించునేమో యని ఆంగ్లేయాధికారులు అనుమానించిరి. అట్టిదేమియు జరుగలేదు. హైదరాబాదునకు మిగిలినది వేరు. నీలోఫరు పేరిట వెలసిన ఆసుపత్రికి నేడును మన జిల్లాల నుండి తల్లులు రోగపీడితులగు శిశువులను ఎత్తుకొని పోవుచున్నారు. దుర్రుషెహ్వారు పేరిటను పాతనగరమున నొక ఆసుపత్రి గలదు. ఆ పేర్లు ఇస్తాంబులు రాజవంశము నుండి వచ్చినవని ఆ తల్లులలో తెలిసినవారు తక్కువ.

యెరూషలేము

ఖలీఫా పదవి ఖాళీ కాగానే దానిని కోరినవారు పలువురు. మక్కా షరీఫు హుస్సేను కొలది దినములలోనే తానే ఖలీఫానని ప్రకటించుకొనెను. ఆ సంవత్సరమే హుస్సేను రాజ్యము విడిచి పోవలసివచ్చెను, ఇబ్ను సౌదు సైన్యము మక్కాను పట్టుకొనెను. 1926లో కైరో నగరమున జరిగిన సభ ఎవరినిని ఖలీఫాగా నిర్ణయింపలేకపోయెను. అరబ్బులు ఒకే రాజ్యముగా గాక పలు రాజ్యములుగా విడిపోయిరి.

పాలస్తీనాలో స్థితి విషమించెను. 1922 జనాభా లెక్కల ప్రకారము ఆ దేశమున 7,57,182 మంది యుండిరి. అందు యూదులు 83,794 మంది. 1931 నాటికి యూదుల సంఖ్య 1,74,000 దాటెను. ఐరోపాలో నిలువ నీడలేక వచ్చినవారికి ఆ నేల ఆశ్రయము. తరతరములుగా దున్నుకొనుచున్న అరబ్బు రైతునకు అది తన చేజారుచున్న భూమి. ఇరువురి భయములును సత్యములే. 1929 ఆగస్టు నెలలో యెరూషలేము పశ్చిమ గోడను గూర్చిన తగవు అల్లరులుగా మారి 133 మంది యూదులు, 116 మంది అరబ్బులు మరణించిరి.

1931 జనవరిలో లండనులో మరణించిన మౌలానా మహమ్మదలీని యెరూషలేమున సమాధి చేసిరి. ఆ డిసెంబరులో ముఫ్తీ అమీను హుస్సేనీ అచ్చట ముస్లిము మహాసభను కూర్చెను. అబ్దుల్ మజీదును మరల ఖలీఫాగా నిలుపుదురేమో యని టర్కీ, ఈజిప్టు ప్రభుత్వములు ఆందోళన చెందెను. సభలో ఆ ప్రసంగము రానీయలేదు. నీసులో కూర్చున్న వృద్ధుని పేరు చెప్పి భయపడువారు, ఆ పేరుతో ధనము కూర్చువారు, దానిచే పలుకుబడి కోరువారు పలువురుండిరి. ఆయన చేతిలో మాత్రము కుంచె తప్ప మరి యే యాయుధమును లేదు. 1933లో ముఫ్తీ ఇండియాకు వచ్చి, యెరూషలేమున విశ్వవిద్యాలయము స్థాపించుటకు ధనము గోరుచు హైదరాబాదునకును వచ్చెను. ఆ విశ్వవిద్యాలయము స్థాపితము కాలేదు.

అంత్యదశ

రెండవ మహాయుద్ధకాలమున అబ్దుల్ మజీదు పారిసు నగరమున నుండెను. జర్మనుల నుండి ఆ నగరము విముక్తి పొందుటకు వీథులలో పోరాటము జరుగుచున్న 1944 ఆగస్టు 23వ తేదీన ఆయన గుండె ఆగి మరణించెను. స్వదేశమున సమాధి చేయుటకు కుమార్తె ఎంత వేడినను టర్కీ ప్రభుత్వము ఒప్పుకొనలేదు. పారిసులోని పెద్ద మసీదున ఆ దేహము పది సంవత్సరములు నిరీక్షించెను.

ఆ పదియేండ్లలో లోకము మారిపోయెను. జర్మనీ నాజీలు ఐరోపాలో అరువది లక్షల యూదులను చంపిన ఘోరము లోకమునకు తెలిసెను. 1947 నవంబరు 29వ తేదీన ఐక్యరాజ్యసమితి పాలస్తీనాను విభజించుటకు తీర్మానించెను. ఇండియా ఆ తీర్మానమునకు వ్యతిరేకముగా సమ్మతి నిచ్చెను. 1948 మే 14వ తేదీన ఇశ్రాయేలు రాజ్యము ప్రకటింపబడెను. అరబ్బు రాజ్యములతో యుద్ధము జరిగెను. సుమారు 7 లక్షల పాలస్తీనా అరబ్బులు ఇల్లు వాకిలి కోల్పోయిరి. తరువాతి సంవత్సరములలో అరబ్బు దేశముల నుండి లక్షలకొలది యూదులును తమ పుట్టిన యూళ్లు విడిచిరి. అదే 1948 సెప్టెంబరులో భారత సైన్యము వచ్చి నిజాము రాజ్యము అంతరించెను. తుది ఖలీఫాను పోషించిన సింహాసనము కూడ నిలువలేదు.

1954 మార్చి నెలలో అబ్దుల్ మజీదు దేహమును మదీనాకు చేర్చి జన్నతుల్ బఖీ శ్మశానవాటికలో ఖననము చేసిరి. ఆయన వంశము నుండి అరబ్బులు విడిపించుకొనిన నేలయే, తన దేశము నిరాకరించిన ఆయనకు ఆరడుగుల చోటిచ్చెను.

ఉపసంహారము

అబ్దుల్ మజీదు దోషరహితుడని మేము చెప్పము. సాహసింపవలసిన వేళ సంశయించెను. బలము లేని పదవి గౌరవముతోనే నిలుచునని నమ్మెను. కాని, తన్ను వెడలగొట్టిన దేశముపై సైన్యమును కూర్చుకొని పోలేదు. తన పేరిట రక్తము చిందింపుడని ఎవరిని ప్రేరేపింపలేదు. కష్టకాలమున విద్యనే తోడుగా చేసికొని కుమార్తెను గొప్ప విదుషీమణిగా పెంచెను. పదవిపోయిన పిమ్మట మనుష్యునిలో నేమి మిగులునో అదియే వాని నిజమైన ఆస్తి యని ఆయన జీవితము తెలుపుచున్నది.

విద్యార్థులారా, మీలో పలువురి తండ్రులు, అన్నలు ఆ దేశములలో నున్నారు. 2023 అక్టోబరున అచ్చట మరల యుద్ధము చెలరేగినప్పుడు ఇశ్రాయేలున నున్నవారి యిండ్లవారు మన ప్రాంతమున ఫోనుల యొద్ద నిద్రలేక కూర్చుండిరి. ఒక యింటివాడు అరబ్బు యజమాని యొద్ద కూలి చేయును. ప్రక్కయింటివాడు యూద వృద్ధునికి అన్నము తినిపించును. ఇరువురును ఒకే బజారునకు డబ్బు పంపుదురు. ఇరువురి యజమానులును క్షేమముగ నుండవలెనని కోరుకొనుట మన కర్తవ్యము. మన లాభమును నదియే. వార్తలు వినునప్పుడు ఒక జాతి నంతటిని దూషించుట సులభము. అట్టి సమయమున చతల్జా స్టేషనులో టీపాత్రలు పట్టుకొని నిలిచిన యూదుని, వాని యెదుట కన్నీరు పెట్టిన ముస్లిము ఖలీఫాను తలచుకొనుడు.